ఒడిశా నేల, ఒడిశా కూలీ, మన బాధ్యత

(దక్షిణ ఒడిశా తెలుగు సంఘాల యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం "మనం నివసిస్తున్న రాష్ట్రం". పాస్టరు గారు వచ్చి భూగోళం పాఠం చెప్తారా అని మీలో కొందరు అనుకొని ఉంటారు. చెప్తాను. మన పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. శ్రీకాకుళంలో మేనమామ ఊరు ఏ నది ఒడ్డున ఉందో చెప్తారు గాని, ఆ నది ఎక్కడ పుట్టిందో చెప్పలేరు. విశాఖపట్నం బీచి రోడ్డు గురించి చెప్తారు గాని, మనం ఓటేసే జిల్లాలో ఎంతమంది ఆదివాసులున్నారో చెప్పలేరు. తాతముత్తాతల కాలం నుంచి ఈ నేల అన్నం తింటున్నాం. దీని కష్టసుఖాలు తెలియకుండా బతకడం మనకు మంచిది కాదు. యిర్మీయా ప్రవక్త బబులోనులో ఉన్నవారికి ఉత్తరం రాసినప్పుడు, వాళ్ళు చేరిన పట్టణం మేలు కోసం పాటుపడమనే చెప్పాడు. మనం ఇక్కడ చెరలో ఏమీ లేము, ఇది మన ఇల్లే. అయినప్పుడు ఆ బాధ్యత మనకు ఇంకా ఎక్కువ.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒడిశా పేద రాష్ట్రమని అందరూ అంటారు. ఈ నేల పేదది కాదు. ఇక్కడి నీళ్ళు, ఖనిజం, కరెంటు, మనుషుల చెమట ఏళ్ళ తరబడి మరోచోటికి పోతుంటే ఇక్కడివాళ్ళు పేదలయ్యారు. అలా పోయేదాంట్లో కొంత మన తెలుగు జిల్లాలకే పోతోంది. కాబట్టి ఈ లెక్కలో తెలుగువాళ్ళకు ఒక పద్దు ఉంది. రెండు భాషలూ వచ్చిన మనకు మరీ పెద్ద పద్దు ఉంది.

నేల గురించి

ముందు పటం చూద్దాం. ఒడిశా విస్తీర్ణం 1,55,707 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 4 కోట్ల 19 లక్షల పైచిలుకు జనం. 30 జిల్లాలు. నూటికి దాదాపు 23 మంది ఆదివాసులు, 17 మంది దళితులు. అంటే ప్రతి అయిదుగురిలో ఇద్దరు ఈ రెండు వర్గాలవారే. 2011 నాటికి గుర్తింపు పొందిన ఆదివాసీ తెగలు 62 ఉండేవి. కొంధులు, సవరలు, గదబలు, పరజలు, కోయలు, సంతాలులు, బొండోలు, ఇలా ఎందరో. ఇన్ని భాషలు, ఇన్ని పాటలు, ఇన్ని దేవతలున్న నేల మన దేశంలో అరుదు.

ఈ రాష్ట్రాన్ని మూడు ముక్కలుగా ఊహించుకోండి. తూర్పున సముద్రం పక్కన వరి పండే మైదానం. మహానది, బ్రాహ్మణి, వైతరణి కలిసి పోసిన ఒండ్రు నేల అది. కటక్, పూరీ, బాలాసోర్, కింద మన గంజాం అక్కడివే. ఉత్తరాన ఇనుము ఉన్న పీఠభూమి. సుందర్‌గఢ్, కెందుఝర్, మయూర్‌భంజ్ అటువైపు. దక్షిణాన, పడమర తూర్పు కనుమలు. కొరాపుట్, రాయగడ, కలహండి, మల్కనగిరి, గజపతి ఈ కొండల్లోవి. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, మన కొరాపుట్ జిల్లాలోనే ఉంది.

ఇప్పుడు నదుల సంగతి. కలహండి, రాయగడ కొండల్లో పుట్టిన వంశధార గుణుపురం పక్కనుంచి దిగి శ్రీకాకుళం జిల్లా పొలాలు తడిపి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాగావళి రాయగడ ఊరి పక్కనే పారి శ్రీకాకుళం పట్టణం మధ్యనుంచి పోతుంది. కొరాపుట్ కొండల్లో పుట్టిన కొలాబ్ నది కిందికి పోయేసరికి శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మాచ్‌ఖండ్ ఆంధ్ర మన్యంలో పుట్టి, రెండు రాష్ట్రాల సరిహద్దు వెంట నడిచి, సీలేరు పేరుతో వెళ్ళి ఆ శబరిలోనే చేరుతుంది. సరిహద్దు గీత మనుషులు గీసింది. నీళ్ళు దాన్ని ఎరగవు. ఉత్తరాంధ్రలో పండే వరికంకి వెనుక ఒడిశా కొండమీద కురిసిన వాన ఉంది. ఈ మాట మన చుట్టాలకు కూడా చెప్పండి.

నేల కింద ఏముందో కూడా చూడాలి. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో నూటికి 90 పాళ్ళకు పైగా ఈ ఒక్క రాష్ట్రంలో ఉన్నాయి, ముఖ్యంగా జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో. బాక్సైట్‌లో దాదాపు సగం, ఇనుప ఖనిజంలో మూడో వంతు ఇక్కడివే. తాల్చేర్‌లోను, ఇబ్ లోయలోను బొగ్గు. బాక్సైట్ మన దక్షిణ ఒడిశా కొండల నెత్తిమీద బల్లపరుపుగా ఒక పొరలా ఉంటుంది. ఆ పొర తాగిన వాననీరే ఏడాది పొడవునా కొండవాలున ఊటలై వస్తుందని కొంధులు చెప్తారు. కొండ మీద ఖనిజం, కొండ కింద ఊట, ఊట పక్కన పోడు, పోడు పక్కన ఊరు. పై పొర తీసేస్తే మిగతావి ఏమవుతాయన్నదే ఇక్కడి గొడవలన్నిటికీ మూలం.

పంట సంగతి కూడా వినండి. వరి వంగడాల వైవిధ్యానికి జయపురం ప్రాంతం పుట్టిల్లని శాస్త్రజ్ఞులు అంటారు. కొరాపుట్ సాగు పద్ధతిని ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థల్లో ఒకటిగా 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గుర్తించింది. వాళ్ళు మండియా అంటారు, మన ఉత్తరాంధ్రవాళ్ళు చోళ్ళు అంటారు. అంబలి ఒకటే. ఆ చోళ్ళను తిరిగి నిలబెట్టడానికి రాష్ట్రం 2017లో చిరుధాన్యాల పథకం పెట్టింది. ఆ విత్తనాలను తరతరాలుగా కాపాడింది ఎవరు? చదువు రానివాళ్ళని మనం తేలిగ్గా మాట్లాడే ఆడవాళ్ళు.

చరిత్ర గురించి

కళింగ యుద్ధం క్రీస్తుపూర్వం 261లో జరిగింది. బడిలో అందరూ చదివారు. లక్షమంది చనిపోయారని, అది తనకు దుఃఖం కలిగించిందని అశోకుడు చెక్కించిన 13వ శాసనం దేశంలో వేరే చోట్ల ఉంది. కళింగంలో మాత్రం లేదు! భువనేశ్వర్ దగ్గర ధౌళిలోను, మన గంజాం జిల్లా జౌగడలోను ఉన్న బండలమీద దాని బదులు వేరే శాసనాలు ఉన్నాయి. అవి అక్కడి అధికారులకు రాసినవి. ప్రజలు నా బిడ్డల్లాంటివారని, కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టవద్దని, హింసించవద్దని ఆజ్ఞ. ఓడిపోయిన జనం మధ్య గొప్పగా పశ్చాత్తాపం చెప్పుకోవడం కన్నా, అక్కడి అధికారిని అదుపులో పెట్టడం అవసరమని ఆ రాజుకు తోచినట్టుంది. రెండువేల ఏళ్ళు దాటింది. కారణం లేకుండా ఆదివాసిని జైల్లో పెట్టవద్దని ఇవాళ కూడా చెప్పుకోవలసి వస్తోంది.

తర్వాత గంగరాజులు. వాళ్ళ పాత రాజధాని కళింగనగరం మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. అక్కడినుంచి అనంతవర్మ చోడగంగదేవుడు ఉత్తరానికి విస్తరించాడు. పూరీ గుడి కట్టడం ఆయన కాలంలోనే మొదలైంది. 1435లో కపిలేంద్రదేవుడు గజపతి వంశం నిలబెట్టాక ఒడియా రాజ్యం దక్షిణాన చాలా దూరం వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర చేశాడు. ఇలా కొన్నిసార్లు వాళ్ళు మన మీద, కొన్నిసార్లు మనం వాళ్ళమీద. ఎవరు గెలిచినా గాని, కిందివాడు రెండు భాషలు మాట్లాడుకుంటూ ఒకే సంతలో ఉప్పు కొన్నాడు. బరంపురంలో పట్టు నేసే దేవాంగులు తెలుగువాళ్ళు. గోపాల్‌పూర్, పూరీ తీరాన తెప్పలేసే నులియాలు తెలుగువాళ్ళు. మున్సిపాలిటీల్లో వీధులు ఊడ్చడానికి వచ్చిన రెల్లి కుటుంబాలు తెలుగువాళ్ళు. మన సంఘాల్లో ఎక్కువమంది ఈ కష్టజీవుల బిడ్డలే. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన మాట.

ఇంగ్లీషువాళ్ళ చేతికి గంజాం 1766లో ఉత్తర సర్కార్లతో పాటు వెళ్ళింది. కటక్ వైపు 1803లో మరాఠాల నుంచి వెళ్ళింది. అందువల్ల ఒడియావాళ్ళు కొందరు మద్రాసు పాలనలో, కొందరు కలకత్తా పాలనలో, సంబల్‌పూర్ వాళ్ళు మధ్య పరగణాల్లో పడ్డారు. ఎక్కడ చూసినా వాళ్ళు మైనారిటీయే. కచేరీలో వాళ్ళ భాష లేదు, బడిలో వాళ్ళ భాష లేదు.

1866లో కరువు వచ్చింది. అంతకు ముందు ఏడాది వానలు ముందే ఆగిపోయాయి. గిడ్డంగుల్లో ధాన్యం తక్కువ ఉందన్న సంగతి అధికారులు సకాలంలో ఒప్పుకోలేదు. ఒప్పుకొని బయటినుంచి బియ్యం తెప్పించేసరికి వానాకాలం వచ్చి ఓడలు తీరానికి చేరలేకపోయాయి. దాదాపు పది లక్షలమంది చనిపోయారని అంచనా. ఒరిస్సా డివిజన్ జనంలో మూడో వంతు! వాళ్ళ మాట వినే అధికారి, వాళ్ళ భాష తెలిసిన అధికారి లేకపోతే ఏమవుతుందో ఒడియా జనం అప్పుడు చూశారు. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆరాటం వెనుక ఈ ఆకలి జ్ఞాపకం ఉంది.

ఆ ఉద్యమానికి ముందు నిలిచినవాడు మధుసూదన్ దాస్. కటక్ వకీలు. ఒడియావారిలో మొదటి పట్టభద్రుడు. ఆయన క్రైస్తవుడు కూడా. 1903లో ఉత్కళ సమ్మిళని పెట్టాడు. కటక్‌లో వెండితీగ పని చేసేవాళ్ళకు, తోలు పనివాళ్ళకు కార్ఖానాలు పెట్టి చేతిలోది ఖర్చుపెట్టుకొని చితికిపోయాడు. 1934లో చనిపోయాడు. తాను పాటుపడిన రాష్ట్రం చూడలేదు. క్రైస్తవులకు ఈ రాష్ట్రంతో ఏం సంబంధమని ఎవరైనా అడిగితే, కోపం తెచ్చుకోకుండా ఆయన పేరు చెప్పండి చాలు.

1936 ఏప్రిల్ 1న ఆరు జిల్లాలతో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. కటక్, పూరీ, బాలాసోర్, సంబల్‌పూర్, గంజాం, కొరాపుట్. భాష ఆధారంగా రాష్ట్రం అడిగి సాధించడంలో మనకన్నా 17 ఏళ్ళు ముందున్నారు వాళ్ళు. అయితే ఆ రోజు మన తెలుగువాళ్ళు చాలామంది ఏడ్చారు. పర్లాకిమిడిలో దశాబ్దాలుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు, ఊరు ఒరిస్సాలో కలవడం ఒప్పుకోలేక, రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన బాధ నిజమైనది. నేను ఆయన్ని వేరే కారణానికి గుర్తుచేస్తాను. పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకొని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసినవాడు ఆయన. తన భాష కోసం పట్టుబట్టినవాడు ఎదుటివాడి భాషనూ నిలబెట్టాడు. మనకు కావలసింది ఆ గుణం.

చరిత్రలో మనకు ఇష్టంలేని పేజీ కూడా ఒకటి ఉంది. మైదానం నుంచి కొండెక్కిన షావుకార్లలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఉప్పుకు, బట్టకు, సారాకు అప్పిచ్చి కొండ భూములు రాయించుకున్నారు. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో ఈ దోపిడీ ఎంత ముదిరిందంటే, 1917లో మద్రాసు ప్రభుత్వమే వడ్డీలమీద, భూమి బదిలీలమీద చట్టం చేయవలసి వచ్చింది. అప్పు తీరేదాకా మనిషి చాకిరీ చేసే పద్ధతిని కొరాపుట్‌లో గోతి అనేవారు. మన భాషలో వెట్టి. 1948లో ఒరిస్సా ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. ఆ మాట గుర్తుంచుకోండి. గోతి పోయిందా, వేషం మార్చుకుందా అన్నది కాసేపట్లో చూద్దాం.

ఆర్థికం గురించి

స్వాతంత్ర్యం తర్వాత ఒడిశాకు పెద్ద పనులు వచ్చాయి. మహానదిమీద హీరాకుడ్ ఆనకట్టను నెహ్రూ గారు 1957లో ప్రారంభించారు. దానివల్ల కింది మైదానానికి వరద తగ్గింది, పొలాలకు నీళ్ళు వచ్చాయి. పైన లక్షమందికి పైగా ఊళ్ళు వదిలారు. రూర్కెలాలో ఉక్కు, సునాబెడాలో విమానాల ఇంజన్లు, దామన్‌జోడిలో అల్యూమినా. ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. మన తెలుగు కుటుంబాలు కొన్ని ఆ ఉద్యోగాలతోనే పైకొచ్చాయి. భూమి ఇచ్చినవాడికి వచ్చినవెన్ని, చదువుకొని బయటినుంచి వచ్చినవాడికి వచ్చినవెన్ని అన్నది ప్రశ్న.

కరెంటు లెక్క చూడండి. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి ప్రాజెక్టు. మొదట్లో ఆంధ్రకే ఎక్కువ వాటా. సీలేరుమీద బలిమెల జలాశయం కూడా ఉమ్మడిదే, నీళ్ళలో సగం ఆంధ్ర వాటా. ఆ బలిమెల నీళ్ళు చుట్టుముట్టి మల్కనగిరి జిల్లాలో 151 ఊళ్ళను మిగతా లోకం నుంచి కోసేశాయి. జ్వరమొస్తే పడవ. పురుడొస్తే పడవ. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా దశాబ్దాల పాటు అదే బతుకు. విశాఖలో వీధిదీపం వెలిగింది. ఆ దీపం కోసం నీళ్ళపాలైన ఊరివాడికి దారి లేదు. ఇప్పుడు గోదావరిమీద పోలవరం కడుతున్నారు. శబరి వెనక్కి తన్నితే మల్కనగిరి జిల్లా మోటు వైపు కోయ పల్లెలు మునుగుతాయని ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆంధ్ర రైతుకు నీళ్ళు కావాలి, నిజమే. కోయవాడికి ఊరు కావాలి, అదీ నిజమే. రెండో మాట చెప్పేవాడు తెలుగువాళ్ళలో ఎవరైనా ఉండాలి కదా?

కొరాపుట్ అంచున కొటియా పల్లెలు ఉన్నాయి. ఆ 21 పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాలు 1968 నుంచి కోర్టుల్లో ఉన్నాయి. అక్కడివాళ్ళకు రెండువైపులా రేషన్ కార్డులు ఉన్నాయని పేపర్లు నవ్వులాటగా రాస్తాయి. నేలమీద ఆశ పుట్టాక గాని రెండు ప్రభుత్వాలూ ఆ ఇళ్ళకు రోడ్డు వెయ్యడానికి పోటీ పడలేదన్నది ఎవరూ రాయరు.

ఇక గనులు. 2000 డిసెంబర్ 16న కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. 2006 జనవరి 2న కళింగనగర్‌లో 13 మంది ఆదివాసులు చనిపోయారు, ఒక పోలీసు కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. నియమగిరి కథ మాత్రం వేరుగా ముగిసింది. లాంజీగఢ్‌లో వేదాంత శుద్ధి కర్మాగారం కట్టాక, దానికి బాక్సైట్ కోసం డోంగ్రియా కొంధుల నియమగిరి కొండను తవ్వాలన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ ఊళ్ళవాళ్ళనే అడగమంది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 పల్లీసభలు జరిగాయి. జిల్లా జడ్జి వచ్చి కూర్చున్నారు. 12 ఊళ్ళూ వద్దన్నాయి. ఒక్కటి కూడా జారలేదు.

బైబిలు చదివేవాళ్ళకు ఇది కొత్త కథ కాదు. నాబోతు ద్రాక్షతోట గుర్తుందా? అహాబు రాజు కత్తి దూయలేదు. మొదట ధర ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. తండ్రులిచ్చిన స్వాస్థ్యం అమ్మనని నాబోతు అన్నాడు. అప్పుడు యెజెబెలు రాజముద్ర వేసిన ఉత్తరాలు రాసింది, సభ పిలిపించింది, సాక్షులను పెట్టించింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి! మనిషి మాత్రం చచ్చిపోయాడు. సభ అబద్ధమైతే ఏమవుతుందో యెజ్రెయేలులో చూశాం, సభ నిజమైతే ఏమవుతుందో నియమగిరిలో చూశాం.

ఒడిశా ఏమీ బాగుపడలేదని నేను అనను. అలా అంటే అబద్ధమవుతుంది. 1999 అక్టోబర్ 29న వచ్చిన మహా తుపానులో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందుగానే దాదాపు పది లక్షలమందిని తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. 14 ఏళ్ళలో ఒక పేద రాష్ట్రం దేశానికి పాఠం చెప్పింది. నీతి ఆయోగ్ లెక్కలో బహుముఖ పేదరికం 2015-16లో నూటికి 29 దాకా ఉంటే, 2019-21కి 16 లోపుకు దిగింది. అనుకుంటే చెయ్యగలరు. కాని అదే రాష్ట్రంలో 2011 నాటికి నవరంగపూర్, మల్కనగిరి, కొరాపుట్, రాయగడ, ఈ నాలుగు జిల్లాల్లో అక్షరాస్యత సగం కూడా దాటలేదు. గనులున్నది, ఆనకట్టలున్నది, కర్మాగారాలున్నది ఈ కొండల్లోనే కదా!

ఇటుక బట్టీ

ఇప్పుడు మనుషుల సంగతి. గంజాం కుర్రాళ్ళు లక్షల్లో సూరత్ మగ్గాల దగ్గర ఉన్నారు. మన ఇళ్ళలోనూ ఉన్నారు. పడమటి ఒడిశాలో, బలంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ వైపు, మరో రకం వలస ఉంది. దాన్ని దాదన్ అంటారు. భాద్రపదంలో కొత్త బియ్యం తినే నువాఖాయి పండుగ అయ్యాక సర్దార్ వస్తాడు. ఇంటికి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో పాత అప్పు, కూతురి పెళ్ళి, ఆసుపత్రి ఖర్చు గడుస్తాయి. నవంబర్, డిసెంబర్‌లలో మొగుడూ పెళ్ళామూ పిల్లలూ మూట కట్టుకొని కాంటాబాంజీ స్టేషన్లో రైలెక్కుతారు. చాలా రైళ్ళు మన రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగానే పోతాయి. దిగేది ఎక్కడ? తెలంగాణలో, ఆంధ్రలో ఇటుక బట్టీల దగ్గర.

అక్కడ కూలి రోజుకు కాదు, వెయ్యి ఇటుకలకు ఇంత. వారం వారం తిండికి కొంచెం చేతిలో పెడతారు. అసలు లెక్క మే, జూన్‌లో, బట్టీ ఆపేటప్పుడు. అప్పటిదాకా అడ్వాన్సు మెడలో తాడు. మధ్యలో వెళ్ళిపోతానంటే లెక్క తేలలేదంటారు. మట్టి తొక్కేది మొగుడు, అచ్చు పోసేది పెళ్ళాం, ఎండలో ఇటుక తిప్పేది పిల్లవాడు. కూలి చీటీలో పిల్లవాడి పేరు ఉండదు. బడి రిజిస్టరులో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. 2013 డిసెంబర్‌లో పారిపోవాలనుకున్న కలహండి వైపు కూలీలు ఇద్దరి కుడిచేతులు దళారులు నరికేశారు. దేశమంతా ఉలిక్కిపడింది. చేతులు నరకడం ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. తాడు మాత్రం ప్రతి ఏడూ ఉంటుంది. గోతి వేషం మార్చుకుందా అని ఇందాక అడిగాను. జవాబు మీరే చెప్పండి.

చట్టాలు లేవా? ఉన్నాయి. ఒరిస్సా 1975లోనే దాదన్ కూలీల కోసం చట్టం చేసింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, కూలీకి ఫొటో ఉన్న పాసుబుక్కు ఇవ్వాలి, ఊరు వదిలినందుకు భత్యం ఇవ్వాలి, అది నెల జీతంలో సగమో 75 రూపాయలో ఏది ఎక్కువైతే అది, రానుపోను ఖర్చు ఇవ్వాలి అని రాశారు. అయిదుగురు కూలీలుంటే చాలు ఆ చట్టం వర్తించేది. 2020లో దాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపి, ఆ అయిదును పది చేశారు. కాగితంమీద చట్టం మారింది గాని, పాసుబుక్కు చేతిలో ఉన్న బట్టీ కూలీని చూడాలంటే ఈ రోజుకీ వెతకాలి.

ఎందుకు అమలు కాదు? కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి భాష. తెలంగాణలో తహసీల్దారు బట్టీకి వస్తాడు. ఆయనకు ఒడియా రాదు. కూలీకి తెలుగు రాదు. మధ్యలో దుబాసీ ఎవరు? సర్దారో, యజమాని గుమాస్తానో. "అంతా బాగుందంటున్నారు సార్" అని ఆయన అనువాదం చేస్తాడు. తహసీల్దారు రాసుకొని వెళ్ళిపోతాడు. 1866లో వాళ్ళ మాట తెలిసిన అధికారి లేక జనం పోయారని చెప్పాను. ఇప్పుడు బట్టీ దగ్గర జరిగేది చిన్న ఎత్తున అదే.

మనం చేయగలిగింది

ఇక్కడే మన పద్దు వస్తుంది. రెండు భాషలూ ఇంటి భాషల్లా మాట్లాడేవాళ్ళు ఎవరు? ఈ హాల్లో కూర్చున్నవాళ్ళు. మన సంఘాలు బరంపురంలో, రాయగడలో, జయపురంలో ఉన్నాయి. మన చుట్టాల సంఘాలు పార్వతీపురంలో, విశాఖలో, హైదరాబాదు చుట్టూ ఉన్నాయి. బట్టీల పక్కనే ఉన్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బట్టీ మీదుగానే మోటారు సైకిళ్ళమీద ఇంటికి వెళ్తారు. కొత్త గుడికి ఇటుక అక్కడే కొంటారు. పనివాడి కూలి బిగబట్టినవాడి మీద యాకోబు పత్రిక అయిదో అధ్యాయం ఎంత గట్టిగా మాట్లాడిందో మనకు తెలుసు. ఆ ఇటుకలతో కట్టిన గోడల మధ్య ఆ అధ్యాయం చదవాలంటే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

నాలుగు పనులు చెప్తాను. పెద్ద డబ్బు అక్కర్లేనివి.

ఒకటి. రెండు భాషలు వచ్చిన యౌవనస్థులు దుబాసీలుగా పేర్లు ఇవ్వండి. కార్మిక శాఖకు, న్యాయ సేవల అధికార సంస్థకు, అక్కడి సంఘాలకు ఆ పేర్లు అందిద్దాం. ఫోనులో మాట్లాడినా చాలు. కూలీ మాట కూలీదిగానే అధికారికి చేరాలి. వెట్టి అని తేలితే కలెక్టరుగాని, ఆర్డీవోగాని విడుదల పత్రం ఇవ్వాలి. ఆ పత్రం లేకుండా కూలీని ఊరికి పంపేస్తే పునరావాసం రాదు. ఈ ఒక్క మాట ప్రతి దుబాసీకి తెలిసి ఉండాలి.

రెండు. మన సంఘానికి, మన ఇళ్ళకు ఇటుక కొనేముందు అడగండి. కూలీలు ఎక్కడివాళ్ళు, లెక్క ఎప్పుడు చేస్తారు, పిల్లలు ఎక్కడ ఉంటున్నారు? కొనేవాడు అడిగితే యజమాని వింటాడు.

మూడు. పిల్లల బడి. తెలంగాణలో కొన్నిచోట్ల బట్టీ పిల్లలకు ఒడియాలో చదువు చెప్పే ఏర్పాట్లు జరిగాయి. అవి అన్నిచోట్లా జరగాలి. ఇక్కడ మనకు తెలుగు బడి లేదని, ఉన్నవి మూతపడుతున్నాయని మనం బాధపడుతున్నాం. న్యాయమైన బాధ. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెప్తోంది. బరంపురంలో తెలుగు పిల్లవాడికి ఏ అధికరణం ఉందో, బట్టీ దగ్గర ఒడియా పిల్లవాడికీ అదే ఉంది. కొండమీద కుయి, సవర మాట్లాడే పిల్లకూ అదే ఉంది. ముగ్గురి కోసం కలిపి అడిగితే మన అర్జీకి బలం వస్తుంది. మనకొక్కరికే అడిగితే అది మన గొడవ అయిపోతుంది.

నాలుగు. పల్లీసభ. మన పక్క ఊళ్ళలో గనికో, కర్మాగారానికో సభ పెడితే, ఏ కాగితంమీద వేలిముద్ర అడుగుతున్నారో ఆ ఊరి భాషలో చదివి చెప్పడానికి మన చదువుకున్నవాళ్ళు వెళ్ళాలి. వాళ్ళ తరఫున నిర్ణయం మనం చెయ్యకూడదు. అది వాళ్ళ స్వాస్థ్యం. కాగితంలో ఏముందో నిజం చెప్పడం వరకే మన పని.

ఇవి చేస్తే ఒడిశా రాత్రికి రాత్రి మారిపోదు. వచ్చే నవంబర్‌లో రైళ్ళు మళ్ళీ నిండుతాయి. కాని ఒక బట్టీ దగ్గర ఒక తల్లి తన మాటలో తన లెక్క అడగగలిగితే, ఆ లెక్క రాసుకునే అధికారికి అది సరిగ్గా అర్థమైతే, అక్కడ సర్దార్ అబద్ధం చెల్లదు. మనం ఆ మాత్రం చేయగలం. తెలుగు మన అమ్మ ఇచ్చింది, ఒడియా ఈ నేల ఇచ్చింది. రెండూ ఉచితంగా వచ్చినవే. పొరుగువాడి అవసరానికి వాటిని ఉచితంగానే ఇద్దాం.

దుబాసీలుగా పేర్లివ్వదలచినవాళ్ళు భోజనాల దగ్గర మన యువజన కార్యదర్శిని కలవండి.